సగం పడుగు

జగిత్యాల,
1992 జూలై.

పరశురాములు మామకు,

నీ కోడలు అమృత రాస్తున్నది. బాగున్నానని రాస్తే నువ్వు నమ్మవు, బాగాలేనని రాస్తే కోరుట్లలో అవ్వ, అదే మీ అక్క, నమ్మి బస్సెక్కుతుంది. కాబట్టి ఆ సంగతి వదిలేస్తున్నాను.

బి.బి.ఎం. చివరి సంవత్సరం మొదలైంది. ఈసారి మాకు కొత్త పేపరు పెట్టారు. పేరు వింటే నీకు పొలమారుతుంది: ప్రపంచ వ్యాపార నిర్వహణ, నిర్ణయ విధానం. ప్రపంచం సంగతి దేవుడెరుగు, జగిత్యాల నుంచి కోరుట్ల పోవాలంటేనే ఆ రోజు బందు ఉందో లేదో ముందు కనుక్కోవాలి. మొన్న జపాను కంపెనీ అమెరికాలో కార్ల ఫ్యాక్టరీ పెట్టాలా వద్దా అని మేం తలలు బద్దలు కొట్టుకుంటుంటే కరెంటు పోయింది. మా మనోరమ మేడం పుస్తకంతో విసురుకుంటూ, జపాను వాళ్లు కాసేపు ఆగుతారులే అని కిటికీలు తెరిపించింది.

మేడం గట్టి మనిషి. వెల్గటూర్ వైపు దొరల కుటుంబం, ఇప్పుడు ఊళ్లో ఎవరూ లేరు. అన్నీ తెలిసినాక చేసేదాన్ని లెక్క అంటారు, తెలియకుండానే చేయాల్సి వచ్చినప్పుడు చేసేదాన్ని నిర్ణయం అంటారు అని మొదటి రోజే చెప్పింది. మాలో ఒక్కొక్కరం తెలిసిన వ్యాపారం ఒకటి తీసుకోవాలి. అందులో ఇంకా తేలని నిర్ణయాన్ని ఏడాదంతా గమనించి, ఏం చేయాలో ఫిబ్రవరిలో అందరి ముందూ చెప్పాలి. సగం మార్కులు దానికే. ముత్యంపేట అమ్మాయి చక్కెర ఫ్యాక్టరీని పట్టుకుంది. మల్యాల అబ్బాయి వాళ్ల నాయన మక్కజొన్నల బేరాన్ని పట్టుకున్నాడు. నేను నిన్ను పట్టుకున్నాను. పారిపోయే దారి లేదు.

ఎండాకాలం సెలవుల్లో మీ కార్ఖానాలో ఒకటి చూశాను. మా పుస్తకంలో పవర్‌లూమ్ అని రాసే మీ సాంచాలన్నీ దడదడా ఆడుతున్నాయి, కిటికీ పక్కది ఒక్కటే ఆగి ఉంది. దాని మీద సగం నేసిన పడుగు, పైన పాత చీర కప్పి ఉంది. ఏమిటని శంకరవ్వత్తను అడిగితే "అది గంతే" అని చాయ పెట్టడానికి లేచిపోయింది. మామా, మా పుస్తకంలో మునిగిన ఖర్చు అని ఒక మాట ఉంది. పోయినదాన్ని పట్టుకుని ముందుకు పోయేదాన్ని ఆపుకోవద్దని దాని అర్థం. ఆ నూలు పోయిందనుకో. పడుగు కోసేసి కొత్త నూలు చుట్టిన బీము ఎక్కించు. ఇదీ నా సలహా. ఫీజు సెలవుల్లో వసూలు చేసుకుంటాను.

నీ కోడలు,
అమృత


సిరిసిల్ల,
1992 ఆగస్టు.

కోడలు అమృతకు,

మీ మామ రాసేది. నీ ఉత్తరం కార్ఖానాలో అందరికీ చదివి వినిపించాను. జపాను వాళ్లు ఆగుతారన్న దగ్గర సత్తయ్య నవ్వి నవ్వి సాంచా ఆపేశాడు. మాకూ రోజూ కరెంటు పోతుంది కానీ మా కోసం ఎవరూ ఆగరు అన్నాడు. మునిగిన ఖర్చు దగ్గరికి వచ్చేసరికి నేనే చదవడం ఆపాను. ఎందుకో చెప్తాను.

ఆ సాంచా లక్ష్మీరాజంది. నీకు గుర్తుండే ఉంటాడు. పొడుగ్గా ఉండి, నిన్ను "సర్పంచమ్మా" అని ఏడిపించేవాడు. మన దగ్గర నూలు కండెలు చుట్టే సత్యవ్వ కొడుకు. నాలుగు సాంచాలు నడిపేవాడు. ఉగాదికి ముందు ఒక పొద్దున సాంచాలు బందు పెట్టి, చేతులు తుడుచుకుని, చాయ తాగొస్తానని పోయాడు. మళ్లీ రాలేదు. బొంబాయి పక్క భీవండి మిల్లులకు పోయాడని కొందరు, అడవికి పోయి అన్నలలో కలిశాడని కొందరు అంటారు. ఇంకో మాట కూడా అంటారు, అది సత్యవ్వక్క లేనప్పుడు అంటారు.

నువ్వు కోరుట్లలో పెరిగిన పిల్లవు, నీకు తెలియకపోవచ్చు. మన ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పడుగు ఎవరు మొదలుపెడితే వాళ్లే అయిపోయేదాకా నేయాలి. రోగమో రొష్టో వస్తే "నువ్వు నేసుకో" అని ఆ మనిషి నోటితో ఇంకొకరికి చెప్పాలి. చెప్పకుండా దాని మీద ఎవరూ చేయి వేయరు. సగంలో కోసేది ఒక్కప్పుడే. నేసే మనిషి చనిపోతే ఇంటివాళ్లు వచ్చి కోస్తారు. సాంచాలు వచ్చాక చాలామంది ఈ పట్టింపు వదిలేశారు. మా నాయన వదల్లేదు, నేను వదల్లేదు. మన కార్ఖానాలో పనిచేసేవాళ్లూ వదల్లేదు. సత్తయ్యను ఒకసారి మెల్లగా అడిగి చూశాను, ఆ కిటికీ పక్కదాన్ని నువ్వు నడపరాదా అని. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

కోస్తే లక్ష్మీరాజం లేడని చెప్పినట్టు. కోయకపోతే సాంచా ఉత్తగా ఉంటుంది. సత్యవ్వక్క పొద్దున రాగానే ముందు ఆ చీర వైపు చూసి, తర్వాత తన రాట్నం ముందు కూర్చుంటుంది. ఆ చీర ఆమెదే. దుమ్ము పడకుండా తెచ్చి కప్పింది.

మీ పుస్తకంలో దీనికి ఏముందో చూసి రాయి. ఫీజు దాన్నిబట్టి.

ఇట్లు,
మీ మామ పరశురాములు


జగిత్యాల,
1992 సెప్టెంబర్.

మామకు,

నీ ఉత్తరం మనోరమ మేడంకు చెప్పాను. పేర్లు చెప్పలేదు, భయపడకు. ఆమె అంతా విని, ఇది తీసుకో, మిగతావాళ్లవి అన్నీ బేరాలు, ఇది నిర్ణయం అంది. ముత్యంపేట అమ్మాయి మొహం మాడిపోయింది. నాకు గర్వంగా ఉంది మామా, దాచడం ఎందుకు.

ఇక నేను కూర్చుని బొమ్మ గీశాను. మాకు నేర్పేది అదే. చెట్టులా గీస్తాం. మొదట్లో నువ్వు ఉంటావు, నీ చేతిలో రెండు కొమ్మలు: కోయడం, కోయకపోవడం. ఒక్కో కొమ్మకు మళ్లీ మూడు రెమ్మలు. లక్ష్మీరాజం అన్న భీవండిలో ఉన్నాడు. అడవిలో ఉన్నాడు. మూడోది నేను పేరు రాయలేదు, గీత గీసి వదిలేశాను. ఒక్కో రెమ్మ కింద ఏం లాభం, ఏం నష్టం, అది జరిగే అవకాశం నూటికి ఎంత అని రాయాలి. అన్నీ కూడితే ఏ కొమ్మ బరువుగా ఉందో తేలిపోతుంది.

నా లెక్క ప్రకారం కోయడమే మంచిది. భీవండిలో ఉంటే వచ్చాక ఇంకో సాంచా ఇస్తావు. అడవిలో ఉంటే ఇప్పట్లో రాడు. మూడో రెమ్మ అయితే పద్ధతి కూడా కోయమనే చెప్తుంది. మూడు దారులూ ఒక్కచోటికే వస్తున్నాయి, చూడు. నాకు కావలసింది నువ్వు చెప్పాల్సిన అంకెలే. నూటికి ఎంత అనుకుంటున్నావో రాసి పంపు. కచ్చితంగా ఉండనక్కర్లేదు, నీ మనసుకు తోచింది చాలు. సత్యవ్వ పెద్దమ్మ ఏమనుకుంటుందో కూడా కనుక్కో.

ఇక్కడ వానలు బాగా పడ్డాయి. పోయిన వారం బందులో రెండు రోజులు బస్సులు లేవు. మేం గదిలో అటుకులు తిని చదువుకున్నాం. ఈ ఏడు ఫస్టు క్లాసు వస్తే హైదరాబాదులో పెద్ద చదువుకు పోవచ్చని మేడం అంటున్నది. బాపుకు ఇంకా చెప్పలేదు. నువ్వే చెప్పాలి, నీ మాటయితే వింటాడు.

నీ కోడలు,
అమృత


సిరిసిల్ల,
1992 అక్టోబర్.

అమృతకు,

ఉత్తరం అందింది. ఇక్కడ అందరం క్షేమమే.

నూటికి ఎంత అని అడిగావు. ఆ అంకె నాకు తెలిస్తే సాంచా మీద చీర ఉండేది కాదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది మీ చెట్టు బొమ్మ. కోపం తెచ్చుకోకు. నువ్వు తెలివిగలదానివే, నీ తెలివి మీద నాకు అనుమానం లేదు.

సత్యవ్వక్కను అడగమన్నావు, అడగకుండానే ఆమె లెక్క నాకు తెలుసు. లక్ష్మీరాజం పోయే ముందు మూడు సాంచాల మీద పడుగులు పూర్తిగా నేసి దించాడు. తొందర తొందరగా నేశాడు, మేమే గమనించలేదు. నాలుగోది సగంలో వదిలాడు. పోవడానికి ముందే సిద్ధపడ్డాడని అందరూ చెప్పుకుంటే ఆమె ఇంకోలా చెప్పింది. "మూడు నేసి ఒకటి ఇడిసిండంటె అచ్చుడున్నది గద తమ్మీ. రానోడైతె నాలుగూ నేసి పోతుండె." కొడుకు వస్తాడన్న ఆ మాట మీదే ఆమె పొద్దున లేచి పనికి వస్తున్నది.

బాపుకు హైదరాబాదు సంగతి చెప్తాను. నువ్వు ఆ కేసు మాత్రం మార్చుకో. పాలిస్టరు మీదనో, మీ బాపు పనిచేసే పసుపు దుకాణం మీదనో రాసుకో. ఇక ఉత్తరాల్లో ఈ సాంచా మాట ఎత్తకు. కారణం అడగకు.

శంకరవ్వత్త దీవెనలు చెప్పమన్నది.

మామ


కోరుట్ల,
1992 నవంబర్.

మామకు,

కారణం అడగొద్దన్నావు. నేను అడగలేదు. అవ్వ చెప్పింది.

నేను దీపావళికి వచ్చినప్పటి నుంచి అవ్వ సోమవారం సోమవారం దీపం పెట్టి తమ్ముడి పేరు తలుచుకుంటున్నది. కొత్త మొక్కు ఏమిటని తవ్వి తవ్వి అడిగితే ఏడ్చింది. నువ్వు ప్రతి సోమవారం ఠాణాకు పోయి సంతకం పెట్టి, సాయంత్రందాకా బెంచీ మీద కూర్చుని వస్తున్నావట. రెండు నెలలుగా. నేను నూటికి ఎంత అని అడిగిన ఉత్తరం కూడా అలాంటి సోమవారమే వచ్చి ఉంటుంది. నువ్వు అదేమీ రాయకుండా నన్ను వెక్కిరించి పంపావు. నాకు నీ మీద చాలా కోపంగా ఉంది మామా. అంతకంటే ఎక్కువగా భయంగా ఉంది.

అవ్వకు పూర్తిగా తెలియదు. స్పెషల్ పార్టీ పోలీసు అధికారి ఒకరు కార్ఖానాకు వచ్చాడని, నువ్వేదో చెప్పావని, అప్పటి నుంచి ఇలా అయిందని మాత్రమే తెలుసు. ఏం చెప్పావు? ఉన్నదున్నట్టు రాయి. పోస్టులో వేయడం ఇష్టం లేకపోతే మనిషి చేతికి ఇచ్చి పంపు. నేను కూడా దీన్ని వేములవాడ పోతున్న పక్కింటి అంజన్న చేతికిచ్చి పంపుతున్నాను, ఆయన అక్కడి నుంచి నీకు చేరుస్తాడు.

కేసు మార్చుకున్నాను. పసుపు వ్యాపారం రాస్తున్నాను. మేడం కారణం అడగలేదు, నా మొహం చూసి సరే అంది. కాబట్టి ఇప్పుడు నేను చెప్పేది మార్కుల కోసం కాదు. ఆ పడుగు కోసెయ్యి మామా. నీకు పిల్లలున్నారు. ఒక చీర కింద ఉన్న నూలు కోసం నిన్ను పోగొట్టుకోవడం మాకు ఎవరికీ ఇష్టం లేదు. లక్ష్మీరాజం అన్న ఉన్నా కూడా కోయమనే అంటాడు.

అమృత


సిరిసిల్ల,
1992 డిసెంబర్.

బిడ్డా అమృతా,

దీన్ని శంకరవ్వత్త స్వయంగా తెస్తున్నది. చదివి ఆమెకే ఇచ్చెయ్యి.

నేను చెప్పింది నిజమే. అదే నా తప్పు. ఆ అధికారి మర్యాదగానే వచ్చాడు. ఈ ప్రాంతం వాడు కాదు, పుస్తకంలోలా మాట్లాడతాడు. మగ్గాలన్నీ చూసి, ఇదొక్కటి ఎందుకు ఆపారు అని అడిగాడు. పట్టా తెగిందనో, మోటారు కాలిందనో ఒక్క మాట అంటే పోయేది. నాకు తోచనే లేదు. మన వాడకట్టులో ఎవరు అడిగినా చెప్పినట్టే చెప్పాను. "మనిషి చనిపోతెనే పడుగు కోస్తం సార్, అందుకే కొయ్యలే" అన్నాను. ఆయన ఆ మాట రాసుకున్నాడు. "అయితే అతను బతికే ఉన్నాడని మీకు తెలుసన్నమాట" అన్నాడు.

మనకు అది పద్ధతి. ఆయనకు అది సాక్ష్యం. ఆయనను తప్పు పట్టలేను, ఆయన చోట ఉంటే నువ్వైనా అదే అడిగేదానివి. అప్పటి నుంచి సోమవారాలు మొదలయ్యాయి. కొట్టలేదు, తిట్టలేదు. ఎక్కడున్నాడు, ఎవరు కబురు తెస్తున్నారు అని అడుగుతాడు. తెలియదంటాను. అయితే మగ్గం ఎందుకు ఉంచారంటాడు. మళ్లీ మొదటికి వస్తాం.

ఇంకొక సంగతి, మీ అవ్వకు చెప్పకు. నేను సోమవారం సోమవారం ఠాణాకు పోతుంటే చూసేవాళ్లు పోలీసులే కాదు కదా. పరశురాములు అక్కడ కూర్చుని ఏం చెప్తున్నాడని ఇటువైపు అన్నల మనుషులు కూడా అడుగుతున్నారట. చాయ హోటల్లో నేను కూర్చుంటే పక్క బెంచీ ఖాళీ అవుతున్నది. ఇన్‌ఫార్మర్ అనే మాట ఒకసారి పుట్టిందంటే దాన్ని ఆపేవాళ్లు ఉండరు. అడకత్తెరలో పోకచెక్క అని చిన్నప్పుడు ఊరికే అనేవాళ్లం.

కోయమన్నావు. మీ అత్త కూడా అదే అంటున్నది. పోయిన ఆదివారం కార్ఖానా బందు ఉన్నప్పుడు కత్తెర పట్టుకుని ఒక్కణ్నే పోయాను. చీర తీశాను. లక్ష్మీరాజం నేసిన గుడ్డ అంచు చేత్తో తడిమి చూశాను. తప్పు ఒక్కటి లేదు. కత్తెర జేబులో పెట్టుకుని మళ్లీ చీర కప్పి వచ్చాను. సోమవారం పొద్దున సత్యవ్వక్క వచ్చి, కోసిన పడుగు చూసి, నా మొహం చూస్తే నేను ఎక్కడికి పోవాలి? ఆమెకు ఈ ఠాణా సంగతి ఏదీ తెలియదు. నూలు బేరానికి పోతున్నానని చెప్పమని అందరికీ చెప్పి ఉంచాను. ఆమెకు తెలియనివ్వను. ఈ ఒక్కటీ నన్ను ఒప్పించాలని చూడకు.

మామ


జగిత్యాల,
1993 జనవరి.

మామకు,

ఈ ఉత్తరం సత్తయ్య చేతికి ఇస్తున్నాను. బట్టల మూటతో ఇక్కడికి వచ్చాడు, నువ్వు చిక్కిపోయావని చెప్పాడు.

ఒప్పించాలని చూడొద్దన్నావు. నేను వేరే సంగతి చెప్తాను, తర్వాత నీ ఇష్టం.

మొన్న మేడం ఇంటికి పోయాను. నువ్వెవరో చెప్పకుండా, ఏ పక్కకు అడుగేసినా ముప్పే ఉన్న మనిషి ఏం చేయాలి అని అడిగాను. ఆమె పుస్తకం తెరవలేదు. వాళ్ల ఇంటి సంగతి చెప్పింది. ఊళ్లో దొరల ఇళ్లకు ఎవరూ పని చేయొద్దని సంఘం వాళ్లు బందు పెట్టిన రోజుల్లో, పొలాలు బీడు పడి, ఇంట్లోకి నీళ్లు తెచ్చేవాళ్లు కూడా లేరట. వాళ్ల నాయన గోపాల్ రావు గారు ఊరు విడిచిపెడదామని మొదటి నెలలోనే అనుకున్నాడట. కానీ భార్య ఆ ఇల్లు వదిలి బతకలేదని పైకి అనలేదు. భార్య కౌసల్యమ్మ గారు భర్త పరువు పోతుందని నోరు విప్పలేదు. అలా ఏడాది పైన గడిచింది. చివరికి ఒక రాత్రి ఇంటి మీద దాడి జరిగితే కట్టుబట్టలతో బయటపడ్డారు. జగిత్యాలలో అద్దె ఇంట్లో కూర్చున్నాక ఆమె భర్తతో అన్న మాట మేడంకు ఇప్పటికీ చెవుల్లో ఉందట. "నన్ను ఒక్కపారి అడిగితె నేనెప్పుడో పోదామందును."

మేడం అంది, చాలా తప్పుడు నిర్ణయాలు మొండితనం వల్ల కావు, ప్రేమ వల్ల అవుతాయి, మనం కాపాడుతున్నామనుకున్న మనిషిని అడగకపోవడం వల్ల అవుతాయి అని.

మామా, ఆ సాంచా నీది. ప్రాణం మీదికి వచ్చింది నీకు. కానీ పడుగు లక్ష్మీరాజం అన్నది, అతను సత్యవ్వ పెద్దమ్మ కొడుకు. నువ్వు, నేను, అత్త, అవ్వ, ఆ అధికారి, అందరం ఆమె కొడుకు బతికున్నాడా లేదా అని మన మన లెక్కలు చేసుకుంటున్నాం. ఆమెను ఎవరం అడగలేదు. ఆమె తట్టుకోలేదని నువ్వే నిర్ణయించేశావు. భర్త పోయినప్పుడు తట్టుకుంది, కొడుకు చాయకని పోయి రాకపోతే తట్టుకుని పనికి వచ్చింది. తన కోసం ఇంకొకరు ప్రతి సోమవారం బెంచీ మీద కూర్చుంటున్నారని రేపు ఎవరో చెప్తే, అది మాత్రం తట్టుకోలేదు.

ఆమెకు చెప్పు. కోయమని అడగకు, వద్దని కూడా అనకు. ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఆమె ఉంచమంటే ఉంచుదాం, అప్పుడు ఏం చేయాలో అందరం కలిసి చూద్దాం. ఇది తప్పయితే నన్ను తిట్టు.

నాకు నిద్ర పట్టడం లేదు.

నీ కోడలు,
అమృత


సిరిసిల్ల,
1993 ఫిబ్రవరి.

నా బంగారు కోడలు అమృతకు,

దీన్ని కూడా సత్తయ్యే తెస్తాడు. చదివినాక పొయ్యిలో వెయ్యి.

నీ ఉత్తరం వచ్చాక వారం రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను. ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియలేదు. చివరికి ఒక మధ్యాహ్నం, అందరూ అన్నాలకు పోయినప్పుడు, సత్యవ్వక్క పక్కన కూర్చుని నీ ఉత్తరమే మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాను. తట్టుకోలేదని నేను అనుకున్న మాట కూడా వదలకుండా చదివాను. ఆమె రాట్నం ఆపలేదు. నేను చదవడం అయిపోయాక కూడా చేతిలో ఉన్న కండె నిండేదాకా చుట్టింది. అప్పుడు, "సోమారం ఎప్పుడు పోతవు?" అని అడిగింది. చెప్పాను.

సోమవారం నేను బయలుదేరేసరికి ఉతికిన చీర కట్టుకుని మా గడప ముందు నిలబడి ఉంది. వద్దన్నాను. నా మాట వినపడనట్టే నాతో నడిచింది. ఠాణాలో ఆ అధికారి ముందు నిలబడి, నేను లక్ష్మీరాజం తల్లిని, మీరు ఒక్కసారి కార్ఖానాకు రావాలి అని అడిగింది. ఏదో చూపిస్తుందనుకున్నాడేమో, వెంటనే లేచాడు. ఆయన జీపులో పోయాడు, మేం వెనకాల నడిచి వచ్చాం. మేం వచ్చేసరికి సాంచాలన్నీ ఆగిపోయి ఉన్నాయి. పనివాళ్లంతా గోడ పక్కన నిలబడ్డారు, మీ అత్త కూడా ఉంది.

సత్యవ్వక్క తిన్నగా కిటికీ దగ్గరికి పోయి చీర తీసి, మడత పెట్టి, భుజాన వేసుకుంది. కండెల దగ్గర వాడే కత్తెర కొంగులో తెచ్చుకుంది. పడుగు ఒక అంచు నుంచి కోయడం మొదలుపెట్టింది. పడుగు బిగుతుగా ఉంటుంది కదా, కోసినకొద్దీ పోగులు వెనక్కి జారి బీము మీద పడ్డాయి. చిన్న కత్తెర, చాలాసేపు పట్టింది. సత్తయ్య సాయం చేయబోతే ఎడమ చేత్తో ఆపింది. మాలో ఎవరికీ కళ్లెత్తి చూసే ధైర్యం లేదు.

అంతా కోశాక ఆ అధికారి వైపు తిరిగింది. "మా దగ్గర పడుగు ఎప్పుడు కోస్తరో పరశురాములు చెప్పిండట గద సారు. కోసిన. నా కొడుకు లేడు. ఇగ ఈయనను పిలువకుండ్రి."

ఆయన ఆ బీము దగ్గరికి పోయి, తెగిన పోగులు చేత్తో పట్టి చూశాడు. పోతూ పోతూ నాతో, ఇక సోమవారాలు రానక్కర్లేదు అన్నాడు. ఆయనకు కూడా తల్లి ఉండి ఉంటుంది. సంగతి సాయంత్రానికి ఊరంతా తెలిసింది. చాయ హోటల్లో ఇప్పుడు నా పక్కన కూర్చుంటున్నారు.

అందరూ పోయాక నేను ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాను. ఏమన్నానో నాకే తెలియదు. నా పాపం నీతోని కడిగించుకున్న అక్కా అని అన్నట్టున్నాను. ఆమె మాత్రం మామూలుగా, పనిలో మాట్లాడినట్టే మాట్లాడింది.

"కత్తెరకు సచ్చెటోడు కాదు నా కొడుకు. గది ఊరి కోసం కోసిన, నా కోసం కాదు. నువ్వు పోయి ఇంత తిను తమ్మీ, పొద్దటి సంది తినలే."

ఇంటికి పోయి అన్నం ముందు కూర్చున్నాను. మీ అత్త వడ్డిస్తుంటే వెక్కి వెక్కి ఏడ్చాను. పెళ్లయినప్పటి నుంచి ఆమె నన్ను అలా చూడలేదు.

బిడ్డా, కోయడంతో అయిపోతుందనుకున్నాం మనం. పద్ధతి అక్కడ ఆగలేదు. పడుగు కోశారంటే చావు జరిగినట్టే కదా. మరునాడు వాడకట్టు ఆడవాళ్లంతా ఆమె ఇంటికి పోయి, మీద పడి ఏడ్చారు. లక్ష్మీరాజం చిన్నప్పటి ముచ్చట్లు తలుచుకుని రాగం తీశారు. బతికి ఉన్నాడని నమ్మే కొడుకు కోసం జరుగుతున్న ఏడుపులో ఆమె మధ్యన కూర్చుంది. ఏడవలేదు, వద్దని కూడా అనలేదు. వద్దంటే నా మెడకు మళ్లీ ఉరి పడుతుందని ఆమెకు తెలుసు. వాళ్లు పెట్టిన ముద్ద తిన్నది. పొట్టనిండా దుఃఖం పెట్టుకుని గట్టిపడిపోయిందని వాళ్లు చెప్పుకుంటున్నారు. నిజం తెలిసింది నాకు, మీ అత్తకు, సత్తయ్యకు, ఇప్పుడు నీకు.

ఆమె మళ్లీ పనికి వస్తున్నది. సాంచా మీద కొత్త బీము ఎక్కింది, సత్తయ్య నడుపుతున్నాడు. మీ బాపుతో హైదరాబాదు సంగతి మాట్లాడాను, ఒప్పుకున్నాడు. నీ పసుపు కేసు బాగా చెప్పు.

పరీక్షలు కాగానే సిరిసిల్ల రా. వచ్చినప్పుడు మా ఇంటికి తర్వాత, ముందు సత్యవ్వక్క ఇంటికి పో. ఓదార్చకు. లక్ష్మీరాజం అన్న ఎప్పుడొస్తాడు పెద్దమ్మా అని అడుగు. ఆమెను ఆ మాట అడిగేవాళ్లు ఇప్పుడు వాడకట్టులో ఒక్కరూ లేరు.

నీ మామ,
పరశురాములు